పెదనాన్న డాబా మీద ప్యానెళ్ళు వచ్చేశాయి, కాబట్టి నేను ల్యాబ్ మూసేయాలట

ఇప్పుడే మా ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న ఫొటో పెట్టారు. డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ళు, వాటి ముందు చేతులు కట్టుకుని ఆయన. 78 వేలు సబ్సిడీ కూడా వచ్చిందట, సంతోషం. అక్కడితో ఆగితే ఆయన మా పెదనాన్న ఎందుకవుతారు? కింద ఇంకో ముక్క తగిలించారు: "ఏమ్మా, మావి కరెంటు కూడా ఇచ్చేస్తున్నాయి. నువ్వింకా కనిపెడుతూనే ఉన్నావా?" దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. అందులో ఒకటి మా అమ్మది. ఆవిడ సంగతి ఇంటికెళ్ళాక చూస్తా.

గ్రూపులో జవాబిస్తే పెద్దాచిన్నా లేదంటారు. అందుకే ఇక్కడ కక్కుతున్నా. ఆయన ప్యానెళ్ళలో ఉండేది సిలికాన్. నేను ల్యాబులో చేసేది దాని బదులు వేరే పదార్థంతో సోలార్ పొర.

సిలికాన్ ఇసుకలో బోలెడుంది కదా, నీ గొడవేంటి అంటారు. ఉంది. ఆ ఇసుకలోంచి సిలికాన్ తీసి, శుద్ధి చేసి, 1414 డిగ్రీల దగ్గర కరిగించి, స్ఫటికంగా లాగి, బిళ్ళలుగా కోసేదెవరు? ఏ దశ చూసినా 80 శాతం పైన చైనాదేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లోనే చెప్పింది. మనం ఆ బిళ్ళలు ఎక్కువగా బయటి నుంచి తెచ్చి, ప్యానెళ్ళుగా చేసి స్వదేశీ అని మురిసిపోదాం.

నేను కుస్తీ పడేది రాగి, జింకు, తగరం, గంధకంతో. ఈ నాలుగూ కలిసిన పదార్థాన్ని సీజెడ్‌టీఎస్ అంటాం. మొదటి రెండూ మా నాయనమ్మ ఇత్తడి బిందెలో ఉన్నాయి, తగరం దానికి వేయించిన కళాయిలో, గంధకం దీపావళి మతాబుల్లో. సిలికాన్ బిళ్ళ 150 మైక్రాన్ల మందం ఉంటే ఇది ఒకటో రెండో మైక్రాన్లు చాలు. పల్చటి పొరల ప్యానెళ్ళు మార్కెట్లో ఇప్పటికే లేవా అంటే ఉన్నాయి. ఒక రకానికి టెల్లూరియం కావాలి, అది భూమిలో దాదాపు బంగారమంత అరుదు. ఇంకో రకానికి ఇండియం, అదేమో జింకు తీసేటప్పుడు పక్కన రాలితేనే దొరికేది.

మరి చేసి పారేయొచ్చుగా? రాగి, జింకు అయాన్లు ఇంచుమించు ఒకే సైజువి. జనరల్ బోగీలో జనంలా ఒకరి చోట్లో ఒకరు కూర్చుంటాయి, దాంతో రావాల్సిన ఓల్టేజీ రాదు. పైగా 500 డిగ్రీలు దాటాక తగరం సల్ఫైడై ఆవిరిగా లేచిపోతుంది. క్వార్ట్జ్ గొట్టంలో గ్రాఫైట్ పెట్టె, అందులో పొర, పక్కన చిటికెడు గంధకం పెట్టి ఫర్నేస్ 560కి తెచ్చేసరికి కరెంటు పోతుంది. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. చల్లారాక తీస్తే గొట్టం చివర పసుపుపచ్చగా గంధకం పేరుకుని ఉంటుంది, నల్లగా మెరవాల్సిన పొర పొలుసులు పొలుసులుగా లేచిపోయి ఉంటుంది. చున్నీకి కుళ్ళిన గుడ్ల కంపు. హాస్టల్ మెస్సులో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.

1988లో జపాన్‌లో ఇటో, నకజావా మొదటిసారి దీన్ని చూపించినప్పుడు వచ్చింది 165 మిల్లీవోల్టులు. 2013కి ఐబీఎం వాళ్ళు గంధకంతోపాటు సెలీనియం కూడా చేర్చి 12.6 శాతం సామర్థ్యానికి తెచ్చారు, అదీ హైడ్రజీన్ అనే పేలే విషంలో కలిపి. తర్వాత దాదాపు పదేళ్ళు ప్రపంచమంతా అక్కడే ఇరుక్కుంది. చివరికి పట్టు వదలని చైనా వాళ్ళే దాటారు. మనవాళ్ళకి చేతకాకనా? తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఈ పొరల్ని స్ప్రే పద్ధతిలో వేసి 2009లోనే పేపరు రాశారు.

అసలు పెదనాన్నని అని లాభం లేదు, పాపం ఆయన రిటైరైన మనిషి. పోయిన రివ్యూలో ఒక పెద్దమనిషి నా గ్రాఫులు సగంలో ఆపించి, "ఇదంతా ఎందుకమ్మా, పెరోవ్‌స్కైట్‌కి మారిపో" అన్నారు. అది ఇంకో కొత్త రకం సోలార్ పదార్థం. సామర్థ్యం 2009లో 3.8 శాతం, ఇప్పుడు 25 దాటింది, నిజమే. సీసం ఉంది కదండీ అన్నాను. "అది తర్వాత చూసుకోవచ్చు." చెమ్మ తగిలితే పాడవుతుంది కదండీ. "అదీ తర్వాత." నా తగరం మాత్రం ఇప్పుడే, ఈ రివ్యూలోపే, ఆవిరవడం మానేయాలి! ఇదే మహానుభావుడు సీజెడ్‌టీఎస్ ఫ్యాషన్‌లో ఉన్న రోజుల్లో ఇదే భవిష్యత్తని ఊరూరా ఉపన్యాసాలిచ్చారు.

ఆయనకి కప్పిన శాలువాకి కొటేషన్ అడిగిన నాథుడు లేడు. నేను మాలిబ్డినం టార్గెట్, అంటే నా పొర కింద లోహపు పూత వేయడానికి వాడే బిళ్ళ, ఒక్కటి కావాలంటే మూడు కొటేషన్లు, అందరికన్నా తక్కువ రాసినవాడికే ఆర్డరు, అదీ మార్చి 31 లోపు. వచ్చింది. పెట్టె తెరిస్తే నడిమధ్యకి పగిలి ఉంది. వెనక్కి పంపాలంటే ఫైలు మళ్ళీ మొదటి సంతకం నుంచి కదలాలట. స్టోర్స్‌లో ఆయన నింపాదిగా అడుగుతున్నారు, "రెండు ముక్కలూ దగ్గరగా పెట్టి వాడుకోలేవా అమ్మా?" అని.