ఎండోమెట్రియోసిస్‌కు పెళ్లి మందా?

నల్లగొండలో నేనున్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఇప్పుడు ఒకటే మెసేజ్. డిగ్రీ బ్యాచ్ వాళ్లు పెట్టారు, చుట్టాలు పెట్టారు, చివరికి అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ గ్రూపులో కూడా వచ్చింది. 'ఆడపిల్లల తల్లులు తప్పక చదవాలి' అని మొదలవుతుంది. అందులో ఉన్నది ఇదీ: ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది గర్భసంచి బయట పెరిగి ముట్టు నొప్పి తెచ్చే జబ్బు) జీన్స్ ప్యాంట్ల వల్ల, మన ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వస్తుంది, స్కానింగ్‌లో కనబడకపోతే లేనట్టే, మెంతి కషాయంతో గడ్డలు కరిగిపోతాయి, తొందరగా పెళ్లి చేసి ఒక కాన్పు అయితే పూర్తిగా నయం, ఆలస్యమైతే జన్మలో పిల్లలు పుట్టరు.

జీన్స్ సంగతి ఎంతసేపు? అమెరికాలో జాన్ శాంప్సన్ అనే డాక్టర్ 1920ల్లోనే ఈ జబ్బు మీద రాశాడు. అప్పటి ఆయన పేషెంట్లు గౌన్లు వేసుకునేవాళ్లు. ఫ్లోరైడ్ మనవాళ్ల ఎముకలు వంచింది, పళ్లు పాడుచేసింది, దానికి ఆ పాపం చాలు. ప్రపంచంలో సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని అంచనా. వాళ్లంతా మన జిల్లా మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు తాగలేదు. మెంతులు పచ్చడిలో వేసుకోండి.

స్కానింగ్ మాట అంత తేలిక కాదు. అండాశయంలో చాక్లెట్ సిస్టు (ఈ జబ్బు వల్ల పాత రక్తం నిండిన తిత్తి) ఉంటే మామూలు స్కానింగ్‌లో చాలావరకు కనబడుతుంది. పొత్తికడుపు లోపలి పొర మీద చిన్న చిన్న మచ్చల్లా ఉంటే తరచూ కనబడదు. 'రిపోర్టు నార్మల్, నాటకాలు ఆపు' అని పిల్లను కాలేజీకి పంపేది ఇక్కడే.

ఇక పెళ్లి. ఒక్కటి ఒప్పుకుంటాను: గర్భం నిలిచాక, పాలిచ్చే నెలల్లో ముట్టు ఆగుతుంది కాబట్టి కొందరికి నొప్పి తగ్గుతుంది. ముట్టు మళ్లీ మొదలయ్యాక నొప్పి కూడా తిరిగి రావచ్చు. ముట్టును అణచిపెట్టే పని డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్ర కూడా చేస్తుంది. దానికి ఫంక్షన్ హాలు, డీజే, కట్నం అక్కర్లేదు. అది సంతానానికి మందు కాదు, పిల్లలు కావాలనుకున్నప్పుడు ఆపాలి. కానీ ఇంటర్ చదివే పిల్లకు కావాల్సింది సంతానం కాదు కదా!

పైగా ఆ లెక్క చూడండి. జబ్బు ఉంటే బిడ్డ పుట్టడం కష్టమట. జబ్బు పోవాలంటే బిడ్డను కనాలట. తాళంచెవి లోపల పెట్టి తలుపేసి, తలుపు తీస్తే తాళంచెవి దొరుకుతుంది అన్నట్టుంది. కలయికలో నొప్పి కూడా ఈ జబ్బు లక్షణమే. ఆ మాట మెసేజ్‌లో ఎక్కడా లేదు. నొప్పి తగ్గుతుందని పెళ్లి చేస్తే, ఆ పిల్ల కొత్త నొప్పిని ఎవరికీ చెప్పుకోలేక నోరు మూసుకుంటుంది. ఏడాది తిరక్కుండానే అత్తగారు 'విశేషమేమైనా ఉందా' అంటుంది. బతుకమ్మకు పుట్టింటికొస్తే చిన్నమ్మలు కూడా అదే అడుగుతారు. 'గొడ్రాలు' అనే పేరు పడేది ఆమెకే. ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి మాత్రం అప్పటికి ఇంకో కషాయం గురించి రాస్తుంటాడు.

'జన్మలో పుట్టరు' అన్నది అబద్ధం. ఈ జబ్బున్న వాళ్లలో 30 నుంచి 50 శాతం మందికి గర్భం రావడంలో ఇబ్బంది ఉంటుందని అంచనా. ఇబ్బంది అంటే అసాధ్యం అని కాదు. లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ట్యూబులు, అండాశయాలు కదలకపోవచ్చు, లోపలి వాపు అండాన్ని దెబ్బతీయవచ్చు. జబ్బు తక్కువ స్థాయిలో ఉంటే లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) చేశాక మామూలుగానే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. చాక్లెట్ సిస్టు తీయిస్తే మాత్రం అండాల నిల్వ తగ్గవచ్చు, కాబట్టి ఆపరేషన్‌కు ముందే ఏఎంహెచ్ పరీక్ష (అండాల నిల్వ అంచనా వేసే రక్త పరీక్ష) గురించి డాక్టర్‌ను అడగండి.

ఆలస్యం గురించి మెసేజ్ చెప్పిన దాంట్లో కొంత నిజముంది. వయసు పెరిగేకొద్దీ అవకాశం తగ్గుతుంది. 35 దాటితే ఆరు నెలలు, అంతకు ముందైతే ఏడాది చూసి డాక్టర్ దగ్గరికి వెళ్లమంటారు. ఎండోమెట్రియోసిస్ ఉందని తెలిస్తే అంత కాలం కూడా ఆగొద్దు. ఇద్దరూ వెళ్లండి. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. ముందు అబ్బాయికి వీర్య పరీక్ష చేయించండి, అందులో సూదిపోటు కూడా ఉండదు.