నీలిమందు అల్లుడు

వియత్నాం నుంచి వచ్చిన మర్నాడు పాల ప్యాకెట్లకని కిందికి దిగితే, మా వాచ్‌మన్ నా చేతుల వంక చూసి, "ఏం సార్, ఆ దేశంలో పది వేళ్లకీ ఓటేయనిస్తారా?" అన్నాడు.

అతని తప్పేం లేదు. ఎడమ చూపుడువేలి మీద చుక్క పడితేనే వారం రోజులు ఫొటోలు పెట్టుకునే జనం మనం. నాకు రెండు చేతులా మణికట్టు దాకా పడింది.

సంగతేమిటంటే, వేసవి సెలవులకి ఎక్కడికెళ్దామన్న చర్చ మా ఇంట్లో ఉగాది నాడు మొదలైంది. మా ఆవిడకి చేతిపనులు చూడాలనుంది. ఏడో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయికి ట్రెక్కింగు కావాలి. నాకు పడుకోవాలనుంది. మా అత్తగారు "ఎక్కడికైనా సరే" అన్నారు గానీ, ఆవిడ ఎక్కడికైనా వెనకాల కాశీ ఉందని మా అందరికీ తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాం.

చివరికి సాపా ఖాయమైంది. ఉత్తర వియత్నాంలో, చైనా సరిహద్దుకి దగ్గర్లో, దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు. చుట్టూ హ్మోంగ్, రెడ్ జావ్, జాయ్ తెగల వాళ్ల పల్లెలు. పొద్దున పొలం గట్ల మీద మైళ్లకొద్దీ నడవొచ్చు, మధ్యాహ్నం ఎవరింట్లోనో కూర్చుని బట్ట మీద మైనంతో బొమ్మ గీసి నీలిమందులో ముంచొచ్చు. "అందరికీ అన్నీ ఉన్నాయి" అంది మా ఆవిడ. పడుకోవడం ఎందులో ఉందని నేనడగలేదు.

అది హనోయ్ నుంచి సాపాకి వెళ్లే స్లీపర్ బస్సులో ఉండాలి నిజానికి. కానీ ఆ బస్సులో పడకలు ఆ దేశపు మనుషుల కొలతకి చేసినవి. ఆరు గంటలూ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, పుట్టబోయే బిడ్డలాగా ప్రయాణం చేశాను. ఈ సైజు గొడవని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మొదటి రోజు ఫాన్సిపాన్ శిఖరం. ఎత్తు 3,140 మీటర్ల పైమాటే. 2016 నుంచి కేబుల్ కారు నడుస్తోంది కాబట్టి మేమూ ఎక్కగలిగాం. పైన అంతా మబ్బు. మబ్బుతో ఫొటో దిగి దిగొచ్చేశాం.

అసలు కథ రెండో రోజు. మమ్మల్ని లావో చాయ్ పల్లె మీదుగా తా వాన్ దాకా తీసుకెళ్లడానికి ఒక హ్మోంగ్ ఆవిడ వచ్చింది. నా భుజం దాకా కూడా రాదు. వీపున వెదురు బుట్ట, కాళ్లకి ప్లాస్టిక్ చెప్పులు, నోట్లో నాకంటే శుభ్రమైన ఇంగ్లీషు. బళ్లో కాదట, టూరిస్టుల దగ్గరే నేర్చుకుందట. మా అత్తగారు ఆవిడకి అక్కడికక్కడే "గైడమ్మ" అని పేరు పెట్టేశారు.

బయల్దేరే ముందు గైడమ్మ నా షూ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. బురద ఎక్కువ, అద్దెకి రబ్బరు బూట్లు తీసుకోమంది. మావాళ్లందరికీ దొరికాయి. నా పాదానికి ఆ కొట్లో బూటే లేదు. కొట్టావిడ అయిదు జతలు తెచ్చి చూపించి, చివరికి నా పాదాన్ని ఫొటో తీసుకుంది. ఎందుకో ఇప్పటికీ తెలీదు. పోనీలే, నాకు ఆరువేలు పోసి కొన్న ట్రెక్కింగు షూ ఉంది కదా అనుకున్నాను.

నడుస్తూ నడుస్తూ గైడమ్మ బుట్టలోంచి నార తీసి, చేతికి చుట్టుకుంటూ, పోగుకి పోగు కలిపి పేనడం మొదలుపెట్టింది. వాళ్ల ఆడవాళ్లు దారిన పోతున్నా, కబుర్లు చెబుతున్నా ఆ పని ఆపరు. ఏం నార అని మా అమ్మాయి అడిగింది. నాకు తెలిసిన విషయం ఒక్కటి దొరికింది కదా అని, "హెంప్ అంటారమ్మా, గంజాయి జాతి మొక్క" అన్నాను.

మా అత్తగారు గట్టు మీద టక్కున ఆగిపోయారు. "గంజాయా? మనం ఈ బట్టే కదూ కొనుక్కెళ్తున్నది?"

"ఇది మత్తు రకం కాదు అత్తయ్యగారూ, నారకోసం పెంచేది."

"ఆ సంగతి మన పోలీసులకి తెలుసా బాబూ?"

జవాబు వెతుక్కుంటూ వెనక్కి తిరిగి అడుగేశాను. మే నెల. కొండ మొదలు నుంచి చివరి దాకా మెట్లు మెట్లుగా మళ్లు, నాట్లకని నీళ్లు పెట్టి ఉన్నాయి. అద్దాలు పరిచినట్టున్నాయని అంతకు ముందే మా ఆవిడ అంది. ఆ అద్దాల్లో ఒకదాంట్లోకి నేను మోకాలి దాకా దిగాను. ఆరువేల షూ బురదలో ఒకటి ఉండిపోయింది. గైడమ్మ నార పక్కన పెట్టి, ఒక చేత్తో నన్నూ ఇంకో చేత్తో షూనీ బయటికి లాగింది. రెండింటికీ ఒకే శ్రమ పడినట్టు కనిపించింది.

"గట్టు మీద మడమ ఆనించకూడదు బాబూ, బొటనవేలు నాటి నడవాలి" అన్నారు మా అత్తగారు. ఆవిడది పెడన. చిన్నప్పుడు వాళ్ల నాన్నకి చేలోకి క్యారియరు పట్టుకెళ్లేవారట. అరవై ఆరేళ్ల మనిషి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, రబ్బరు బూట్లతో ముందు నడిచారు. నాకు మాత్రం దారిలో కలిసిన ఇద్దరు హ్మోంగ్ ముసలమ్మలు చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఒకావిడ ఆ నడకలోనే గడ్డితో చిన్న గుర్రం అల్లి మా అమ్మాయికిచ్చింది. నేను పడకుండా చూస్తూ, ఒంటి చేత్తో. పల్లె రాగానే ఇద్దరూ బుట్టలు దింపి పర్సులు బయటికి తీశారు. ప్రాణం కాపాడినవాళ్లతో బేరం ఎలా ఆడతాం? పర్సు లక్ష డాంగులంటే గుండె ఝల్లుమంది గానీ, లెక్క కడితే మన మూడొందల చిల్లర. అయిదు కొన్నాం. మేమున్నది నలుగురం.

ఇక ఆ ఇల్లు. చెక్క ఇల్లు, మట్టి నేల, మధ్యలో నిప్పుల మీద చిన్న గిన్నెలో కరుగుతున్న తేనెమైనం. రాగి రేకు పెట్టిన వెదురు కలం ఇచ్చారు. దాన్ని మైనంలో ముంచి బట్ట మీద గీతలు గీయాలి. మైనం ఉన్నచోట రంగు పట్టదు. తర్వాత వేణ్నీళ్లలో ఉడికిస్తే మైనం కరిగిపోయి తెల్ల గీతలు తేలతాయి. మా ఆవిడ తామరపువ్వు వేసింది. అమ్మాయి ఆ గడ్డి గుర్రాన్నే వేసింది. నేను ఏనుగు వేశాను. చూసినవాళ్లందరూ కూజా అన్నారు.

మా అత్తగారు కలం పట్టుకుని ఒక మామిడిపిందె వేశారు. పెడన కలంకారీలో ఉంటుందే, ఆ పిందె. ఇంటి పెద్దావిడ పని ఆపేసి వచ్చి పక్కన కూర్చుంది. అక్కణ్నుంచి వాళ్లిద్దరి సంభాషణ మొదలైంది. ఈవిడ తెలుగులో, ఆవిడ హ్మోంగులో. "మా వైపు ముందు కరక్కాయ నీళ్లలో నానేస్తామమ్మా" అంటే ఆవిడ తలూపింది. "నలుపుకి బెల్లమూ ఇనుప ముక్కలూ కలిపి ఊరబెడతాం" అంటే "ఓ" అంది. మధ్యలో నేను ఇంగ్లీషులోకి మార్చబోతే ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తి నన్ను ఆపేశారు.

అప్పుడైనా నాకు అర్థమై ఉండాల్సింది, ఆ ఇంట్లో రంగుల సంగతి తెలిసినవాళ్లు ఇద్దరున్నారని, ఆ ఇద్దరిలో నేను లేనని.

పెరట్లో రంగు తొట్టి. మూత తీస్తే వారం రోజుల పప్పురుబ్బు వాసన. చేతి తొడుగులు ఇచ్చారు. నా చెయ్యి పట్టలేదు. బలవంతంగా దూరిస్తే బొటనవేలి దగ్గర ఫట్‌మంది. రెండో జతా అంతే. మూడో జత ఇవ్వడానికి ఆ ఇంటావిడకి మనసొప్పలేదు.

"ఆగండి అల్లుడుగారూ, కర్ర పెట్టి ముంచండి. నీలికాగులో చెయ్యి పెట్టకండి" అన్నారు మా అత్తగారు. ఆవిడ "బాబూ" మానేసి "అల్లుడుగారూ" అన్నారంటే విషయం తీవ్రమైనదని అర్థం. పదమూడేళ్లుగా తెలుసు నాకు.

"నీలం ఎక్కడుంది అత్తయ్యగారూ? చూడండి, పసుపుపచ్చ నీళ్లు. పసుపు మనకి కొత్తా?" అని రెండు చేతులూ దింపాను.

బయటికి తీశాను. లేత పసుపుపచ్చ. "చూశారా!" అన్నాను. ఆ మాట పూర్తయ్యేసరికి గోరింటాకు రుబ్బిన పచ్చ. నుదుటి మీద దోమ వాలితే కొట్టాను. చెమట పడితే తుడుచుకున్నాను. మా అమ్మాయి "నాన్నా... నాన్నా..." అంటూ వెనక్కి వెళ్లసాగింది. చేతులు చూసుకుంటే నెమలికంఠం రంగు. ఇంకో రెండు నిమిషాలకి ఆకాశం మబ్బేసినట్టు ముదిరి, చివరికి కొత్త జీన్స్ ప్యాంటు రంగు దగ్గర ఆగాయి.

తొట్టిలో గాలి ఉండదు కాబట్టి నీలిమందు నీళ్లలో కరిగి పసుపుపచ్చగా ఉంటుందట. గాలి తగిలితే నీలంగా మారి, ఎక్కడుంటే అక్కడే బిగుసుకుంటుందట. ఇదంతా ఆ రాత్రి తా వాన్‌లో హోమ్‌స్టే మంచం మీద ఫోన్‌లో చదివాను. చదవాల్సిన సమయానికి సరిగ్గా ఏడు గంటల తర్వాత. బట్ట ముదురు రంగు తేలాలంటే రోజుల తరబడి ముంచి ఆరబెట్టి, మళ్లీ ముంచాలని కూడా చదివాను. నా కూజా ఒక్క మునకతో వెలిసిన లుంగీలా ఉంది. చేతులకి మాత్రం ఒక్క మునకే చాలింది.

సబ్బు, నిమ్మకాయ, టూత్‌పేస్టు, కొబ్బరినూనె అన్నీ అయ్యాయి. రెడ్ జావ్ వాళ్ల మూలికల స్నానం ఒళ్లు నొప్పులకి మహత్తరమంటే, చేతులకీ పనికొస్తుందేమోనని ఒక చెక్క తొట్టిలో అరగంట కూర్చున్నాను. నొప్పులు పోయాయి. తుడుచుకున్న తెల్ల తువ్వాలు కూడా పోయింది. హోమ్‌స్టే ఆవిడ ఆ తువ్వాలు చూసి, నా చేతులు చూసి, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున నా గదిలో మాత్రం నల్ల తువ్వాలు ఉంది.

హనోయ్‌లో మన భోజనం దొరికే హోటలుకి వెళ్లాం. వారం తర్వాత పప్పన్నం. స్పూను పక్కన పడేసి కలుపుతున్నాను. పక్క బల్ల దగ్గర తెలుగువాళ్లే. ఆవిడ పిల్లాణ్ని తనవైపు లాక్కుంటూ, "అటు వెళ్లకు నాన్నా, అంటుకునేదేమో" అంది. మా ఆవిడ తలెత్తకుండా, "అంటుకునేది కాదండీ, అంటుకున్నది" అంది.

ఎయిర్‌పోర్టు క్యూలో నా గుండె దడ మొదలైంది. ముఖం మీద గీతలు చాలావరకు పోయాయి గానీ చేతులు అలాగే ఉన్నాయి. రంగు తొట్టిలో పడిన నక్క కథ గుర్తొచ్చి మా అమ్మాయికి చెప్పాను. "ఊళ పెట్టాకే అది దొరికిపోయింది నాన్నా. నువ్వేం మాట్లాడకు" అంది. నేను మాట్లాడలేదు. అధికారి పాస్‌పోర్టు చూశాడు, చేతులు చూశాడు, "సాపా?" అన్నాడు. తలూపాను. ముద్ర కొట్టాడు. శంషాబాద్‌లో దిగాక మా అత్తగారు ఆ బట్టలున్న సంచీని చేతికి చాలా దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ బయటి దాకా నడిచారు. హనుమాన్ చాలీసా అనుకుంటాను.

చర్మం మీద రంగు పది రోజుల్లో వదిలింది. గోళ్లు వదల్లేదు. గోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుందట. ఆ లెక్కన దసరా దాకా నేను ఓటేస్తూనే ఉంటాను.

మొన్న ఆదివారం మా ఆవిడకి సాయం చేద్దామని నేనే వాషింగ్ మెషీన్ వేశాను. నా ఆఫీసు తెల్లచొక్కాలు ఆరు. అడుగున నా కూజా బట్ట ఉన్న సంగతి చూసుకోలేదు. మెషీన్ ఆగాక మా అత్తగారే తీగ మీద ఆరేశారు. ఒక్కో చొక్కానీ వెలుగుకి ఎత్తి చూసి, దులిపి, క్లిప్పు పెట్టి అన్నారు:

"పోన్లెండి అల్లుడుగారూ. ఈ నెలకి నీలిమందు కొనక్కర్లేదు."