చివరి ముక్క చూసి చెప్పేస్తే కుదరదు

ఇంగ్లీషు సమాసపదాల మీద ఒక 'చిట్కా' తెగ తిరుగుతోంది. అందులో సూత్రాలు మూడు. చివరి మాట ఏ భాషాభాగమైతే మొత్తం పదమూ అదేనట. మధ్యలో హైఫన్ ఉంటే విశేషణమట. విడిగా రాస్తే అసలు సమాసమే కాదట. బట్టీ కొట్టడానికి భలే వీలుగా ఉన్నాయి, అంతవరకే.

మొదటిదాంట్లో కొంత నిజం ఉంది. బ్లాక్‌బోర్డ్‌లో బోర్డ్ నామవాచకం, మొత్తమూ నామవాచకమే. సీసిక్‌లో సిక్ విశేషణం, మొత్తమూ విశేషణమే. ఎడ్విన్ విలియమ్స్ అనే భాషాశాస్త్రవేత్త 1981లో ఈ ధోరణినే సూత్రంగా ప్రతిపాదించాడు. కానీ బ్రేక్‌డౌన్ సంగతేమిటి? బ్రేక్ క్రియ, డౌన్ క్రియావిశేషణం. 'ఎ సడన్ బ్రేక్‌డౌన్' అన్నప్పుడు మొత్తం కలిసి నామవాచకం. టేకాఫ్, డ్రాపవుట్ కూడా అంతే. ఇన్‌కమ్ చివర ఉన్నది క్రియ, పదం మాత్రం నామవాచకం. ఓవర్‌నైట్ ఇంకా తమాషా. చివర నైట్ అనే నామవాచకం ఉన్నా, 'వి ట్రావెల్డ్ ఓవర్‌నైట్'లో అది క్రియావిశేషణం, 'యాన్ ఓవర్‌నైట్ జర్నీ'లో విశేషణం. ఇక ఫర్‌గెట్-మీ-నాట్ అనేది ఒక పువ్వు పేరు. చిట్కా ప్రకారం పోతే ఆ పువ్వు క్రియావిశేషణం అయి కూర్చుంటుంది!

జవాబు సరిగ్గా వచ్చినచోటా కారణం తప్పే కావచ్చు. రెడ్‌హెడ్ నామవాచకమే, కానీ అది ఒకరకం తల కాదు, ఆ రంగు జుట్టున్న మనిషి. మన బహువ్రీహి అన్నమాట. ఇంగ్లీషు భాషాశాస్త్రవేత్తలూ వీటిని ఆ పేరుతోనే పిలుస్తారు. పాసర్-బైకి బహువచనం పాసర్స్-బై. అక్కడ అసలు పదం ముందే ఉంది, చివర కాదు.

హైఫన్ మాట ఒక్క ఉదాహరణకే కూలిపోతుంది. మదర్-ఇన్-లా నామవాచకం, డ్రై-క్లీన్ క్రియ. 'ఎ వెల్-నోన్ రైటర్'లో హైఫన్ పెడతాం, 'ది రైటర్ ఈజ్ వెల్ నోన్'లో సాధారణంగా పెట్టం, రెండుచోట్లా విశేషణమే. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాదాపు 16,000 పదాల్లో హైఫన్లు తీసేసింది. బంబుల్‌బీ ఒక్క మాటగా కలిసింది, ఫిగ్ లీఫ్ రెండుగా విడిపోయింది. రెండూ అప్పుడూ నామవాచకాలే, ఇప్పుడూ నామవాచకాలే.

విడిగా రాస్తే సమాసం కాదనేదీ నిలవదు. హై స్కూల్‌ను రెండు మాటలుగానే రాస్తారు. అయినా మధ్యలో ఏ మాటా దూర్చలేం, 'హై' ముందు 'వెరీ' చేర్చలేం. 'వెరీ హై స్కూల్' అంటే అర్థమే మారిపోతుంది. అది ఒకే నామవాచకం.

మాటల మధ్య ఖాళీ నిజంగా పనికొచ్చేది ఒకచోట ఉంది, చిట్కా దాన్నే వదిలేసింది. సెటప్, వర్కవుట్, లాగిన్ కలిపి రాస్తే నామవాచకాలు. క్రియగా వాడితే సెట్ అప్, వర్క్ అవుట్, లాగ్ ఇన్ అని విడదీస్తారు. అనుమానమొస్తే భూతకాలంలో పెట్టి చూడండి. 'ఐ లాగ్డ్ ఇన్' అంటారు, భూతకాలపు '-ed' మొదటి ముక్కకే తగులుతుంది. ముందు 'ఎ' గానీ 'ది' గానీ చక్కగా ఇమిడితే నామవాచకం, 'ఎ న్యూ లాగిన్' లాగా.