ముందు ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో చూడండి

మిర్యాలగూడలో మా బావకి రైస్ మిల్లు ఉంది. మొన్న ఫోన్ చేసి, "బామ్మర్దీ, మిల్లు మెయిల్‌కు ఔట్‌లుక్ తీసుకోవాల్నా, జీమెయిలే సాలా? జోహో అంటున్నరు, అదేంది?" అన్నాడు. నేనొక్కటే అడిగాను: "ఇప్పుడున్న జీమెయిల్ ఎవరి నంబర్ మీద ఉంది బావా?"

రెండేళ్ల కింద పని మానేసి హైదరాబాద్ పోయిన ఆపరేటర్ నంబరట! బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ కాగితాలు, కాకినాడ ఎక్స్‌పోర్టర్ ఆర్డర్లు, అన్నీ ఆ పిల్లగాడి సిమ్ మీద నడుస్తున్నాయి. లారీ కాటా చిట్టీ ఒక్కటి కనపడకపోతే మిల్లంతా ఒకటి చేసే మనిషి ఈయన. దానికితోడు ఎవరో ఆఫీసు ఫోన్‌లో ఫొటోల బ్యాకప్ ఆన్ చేశారు. ఉచిత జీమెయిల్‌లో మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫొటోలకి కలిపి ఉండేదే 15 జీబీ. బోనాల వీడియోలతో అది నిండి కొత్త మెయిల్స్ రావడం ఆగిపోయింది.

నేనూ తక్కువ తినలేదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నా అకౌంట్స్ ఆఫీసులో ఔట్‌లుక్ (కంప్యూటర్‌లో మెయిల్ చూసుకునే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం) పెట్టిన కుర్రాడు పాప్ సెట్టింగ్ ఇచ్చి, సర్వర్‌లో, అంటే మెయిల్ కంపెనీ కంప్యూటర్‌లో, కాపీ ఉంచే టిక్కు తీసేశాడు. అంటే వచ్చిన ప్రతి మెయిల్ నా కంప్యూటర్‌లోకి దిగి, సర్వర్‌లో లేకుండా పోయేది. ఆరేళ్ల మెయిల్స్ ఔట్‌లుక్ దాచుకునే ఒక్క పీఎస్‌టీ ఫైల్‌లో. ఎండాకాలంలో ఓ రోజు హార్డ్ డిస్క్ టక టక అని రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. రిపేరు అతను చెవి దగ్గర పెట్టుకుని విని, "రాదు సార్" అన్నాడు. పాప్ బదులు ఐమ్యాప్ సెట్టింగ్ పెట్టుకుని ఉంటే మెయిల్స్ సర్వర్‌లోనే ఉండేవి. ఇంకో కంప్యూటర్‌లో డబ్బు కట్టే ఔట్‌లుక్‌తో తెరిచినా, ఉచితంగా వచ్చే థండర్‌బర్డ్‌తో తెరిచినా అవే కనపడేవి.

2025 అక్టోబర్‌లో అమిత్ షా మన దేశపు కంపెనీ జోహో మెయిల్‌కి మారానని చెప్పాక మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే స్వదేశీ జోరు. జోహో మంచిదే. సొంత డొమైన్‌తో (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే మన సొంత పేరు) ఐదుగురి వరకు ఉచితం, చిన్న మిల్లుకి అది ఎక్కువే. కానీ ఆ ఉచిత ప్లాన్‌లో ఐమ్యాప్ రాదు. బ్రౌజర్‌లోనో వాళ్ల యాప్‌లోనో చూసుకోవాల్సిందే. ఔట్‌లుక్ లేకపోతే చెయ్యి ఆడని గుమస్తా ఉంటే జోహోకి డబ్బు కట్టాలి. దేశభక్తితో పాటు ఇది కూడా చూసుకోండి.

నన్నడిగితే ముందు డొమైన్ కొనండి. సేటు పేరు మీద, సేటు ఫోన్ నంబర్‌తో. కంప్యూటర్ షాపువాడి పేరు మీద అస్సలు వద్దు. డొమైన్ మనదైతే ఈ ఏడు జోహో, వచ్చే ఏడు గూగుల్, ఎటు మారినా అడ్రస్ మారదు. మా బావ బియ్యం బస్తాల మీద ఆ పాత జీమెయిలే అచ్చు వేయించాడు. గోడౌన్‌లో ఇంకా కట్టలు కట్టలు ఉన్నాయి.

చివరికి ఆ పిల్లగాడికే ఫోన్ చేశాం. మంచోడు, గుర్తుపట్టాడు. "ఓటీపీ చెప్తా అన్నా, దానికేముంది. నా ఆఖరి నెల జీతం ఎప్పుడిస్తరు?" అన్నాడు. స్పీకర్‌లో ఉంది. బావ కాటా వైపు నడిచాడు.