ఎవరి వీడియో వైరల్ అయితే వాళ్లకే వైద్యమా?

యూట్యూబ్‌లో ఏదో పాట పెట్టుకుంటాం, మధ్యలో ఐసీయూలో పైపులతో పడుకున్న పిల్లాడు, పక్కన ఏడుస్తున్న తల్లి, ఐదు సెకన్లయ్యాక స్కిప్ బటన్. అది నొక్కుతుంటే ఏదో పాపం చేస్తున్నట్టు ఉంటుంది చూశారా, మిలాప్, కెట్టో, ఇంపాక్ట్‌గురు లాంటి, వైద్యానికి చందాలు పోగేసే సైట్లకి ఆ ఫీలింగే పెట్టుబడి. అలాగని అంతా మోసం అనట్లేదు, ప్రాణాలు నిలబడిన కేసులున్నాయి. 2021లో హైదరాబాద్‌లో ఎస్‌ఎంఏ అనే జన్యువ్యాధి ఉన్న బాబుకి జోల్‌జెన్‌స్మా ఇంజెక్షన్ కావాల్సొచ్చింది, ఒక్క డోసు దాదాపు 16 కోట్లు, 60 వేల మందికి పైగా జనం తలా కొంత వేసి 14 కోట్ల పైనే పోగేశారు, కేంద్రం దిగుమతి పన్నులు మాఫీ చేసింది, ఇంజెక్షన్ పడింది.

అది వార్త అయింది. డబ్బు రాక ఆగిపోయిన క్యాంపెయిన్లు వార్తలు కావు కాబట్టి మన కంటపడవు. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2016 నుంచి 2020 వరకు గోఫండ్‌మీ అనే చందాల సైట్లో పెట్టిన 4.37 లక్షల వైద్య క్యాంపెయిన్లు చూస్తే అడిగినంత డబ్బు వచ్చినవి 12 శాతం కూడా లేవు, 16 శాతానికి ఒక్క డాలరూ రాలేదు. ఇన్సూరెన్స్ తక్కువున్న రాష్ట్రాల్లో డబ్బులూ తక్కువే వచ్చాయి, అంటే అవసరం ఎక్కువున్న చోటే సాయం తక్కువ.

మన దగ్గర వేరేలా ఉంటుందా? డల్లాస్‌లో బాబాయ్ కొడుకు, గచ్చిబౌలిలో ఇద్దరు ఫ్రెండ్స్ ఉన్నోడి లింకు ఒక్క రాత్రిలో యాభై వాట్సాప్ గ్రూపులు తిరుగుతుంది, పాలమూరు కూలీ లింకుని ఎవరు షేర్ చేస్తారు, ఆయన గ్రూపులో ఉన్నోళ్లూ కూలీలే కదా. పైగా జబ్బు కూడా చూడ్డానికి జాలి కలిగేలా ఉండాలి. ముద్దొచ్చే పాపకి గుండె ఆపరేషన్ అంటే ఇస్తాం. యాభై ఏళ్ల మనిషికి తాగి తాగి లివర్ పోయిందంటే "ఎవడు తాగమన్నాడు" అంటాం. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఇంక జీవితాంతం అంతే అంటే ఒకసారి ఇచ్చి ఊరుకుంటాం. శ్రీకాకుళం ఉద్దానంలో వేల కుటుంబాల్ని కిడ్నీ జబ్బు పట్టుకుంటే ఏ క్యాంపెయిన్ కాపాడగలిగేది? అక్కడికి కావాల్సింది తాగునీటి పైపులైను, పలాసలో కిడ్నీ ఆస్పత్రి, ఎంత లేటైనా చివరికి అవి వచ్చింది ప్రభుత్వం నుంచే.

మరి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయంటే, కేంద్రం 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో బాగా ఖరీదైన జబ్బులకి పరిష్కారంగా చందాల పోర్టల్ పెడతామంది! విమర్శలొచ్చాక 2022లో 50 లక్షల వరకు ఇస్తామన్నారు, 16 కోట్ల మందుకి అదెంత. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో తెలంగాణలో 10 లక్షలకి, ఏపీలో 25 లక్షలకి పెరిగింది, మంచిదే, కానీ బకాయిలు రాలేదని ప్రైవేట్ ఆస్పత్రులు అప్పుడప్పుడూ సేవలు ఆపేస్తే పేషెంట్ మళ్లీ ఫోన్‌పే నంబర్ పట్టుకుని జనం మీదే పడాలి.

ఇక సైట్ల సంగతి. "మేం ఫీజు తీసుకోం" అంటారు, తీరా డబ్బు కట్టే చోట సైటుకిచ్చే టిప్ ముందే టిక్ అయిపోయి ఉంటుంది, తీసేయాలంటే వెతుక్కోవాలి. వెయ్యి ఇద్దామని వెళ్లినోడు ఎంత కట్టాడో మెసేజ్ వచ్చాక చూసుకుంటాడు. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే జనాన్ని మాయ చేసే సైటు డిజైన్ల మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది, అడక్కుండా బిల్లులో విరాళం కలపడం కూడా అందులో తప్పే. ఆ లెక్కన ఈ టిప్పుల్ని కూడా గట్టిగా చూడాలి అంటాను నేను. సైటు నడవాలంటే ఖర్చుంటుంది, ఒప్పుకుంటా, ఆ ఖర్చేదో మొహం మీద చెప్పి తీసుకుంటే ఎవరూ కాదనరు.

దానికంటే పెద్ద ప్రశ్న, మిగిలిన డబ్బేమవుతుంది? పది లక్షలనుకున్నది ఏడుకి తేలినా, సగంలో పేషెంట్ పోయినా, ఇచ్చినోళ్లకి చెప్పే దిక్కు చాలాసార్లు ఉండదు. ఆ ఇంటి దుఃఖంలో వాళ్లని లెక్క అడగలేం, అడగకూడదు కూడా, ఆ పని సైటూ ఆస్పత్రీ చేయాలి. డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాకే వెళ్లాలి. మొదటి రోజు ఆస్పత్రి ఇచ్చిన ఎస్టిమేషన్ లెటర్ పేజీలో పెడుతున్నప్పుడు, ఆఖర్న ఫైనల్ బిల్లు కూడా పెట్టాల్సిందే అని ఒక రూలు తేవడానికి అడ్డమేంటి?