ఉత్తుత్తి ఓటు

2024 నవంబరు 5న అమెరికా అధ్యక్ష ఎన్నిక ఆ దేశం ఏలుబడిలో ఉన్న కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో కూడా జరిగింది. బూత్ ఉంది, క్యూ ఉంది, బ్యాలెట్ మీద హారిస్ పేరూ ట్రంప్ పేరూ ఉన్నాయి. జనం తమ గవర్నర్‌ని ఎన్నుకుంటూ, పనిలో పనిగా అధ్యక్షుడికీ ఓటేశారు. ఓట్లు లెక్కపెట్టారు, శాతాలు కట్టారు. హారిస్ భారీ ఆధిక్యంతో గెలిచారు. లోటల్లా ఒకటే, ఆ ఓటు ఎక్కడా చెల్లదు. ఈ సంగతి ముందే చెప్పారు కాబట్టి మోసం అనడానికి కూడా లేదు. మీకు ఓటుహక్కు అంటూ ఉండుంటే ఎవరికి వేసేవారో సరదాగా చెప్పండి, రాసుకుంటాం అన్నారు. అంతే.

నవ్వకండి. ఇది చాలా గంభీరమైన విషయం. బొమ్మల పెళ్ళిలో కూడా చివర్లో పిల్లల చేతిలో బెల్లంముక్క పెడతారు. ఇక్కడ అదీ లేదు. 1917 నుంచి అమెరికా పౌరులైన మనుషులు, ఆ దేశం తరఫున యుద్ధాలకు వెళ్ళి చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలు, సుమారు 32 లక్షల జనాభా ఉన్న దీవి. వాళ్ళు తమ దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే రిహార్సల్ చేసి ఇళ్ళకు వెళ్ళారు. అసలు నాటకం వేసేది ఎప్పుడని ఎవరూ అడగలేదు, అడిగితే బాగుండదని కాబోలు.

అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది రాష్ట్రాలు, ప్యూర్టోరికో రాష్ట్రం కాదు అంటారు రాజ్యాంగం తెలిసినవాళ్ళు. బాగుంది. మరి ఇది చూడండి. డాలస్‌లో స్థిరపడి అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగాయన ఒకరు ఉన్నారనుకుందాం. ఆయన అన్నీ సర్దుకుని కూకట్‌పల్లి వచ్చేసి, బాల్కనీలో కాఫీ తాగుతూ అమెరికా అధ్యక్షుడికి ఓటు పంపొచ్చు. విదేశంలో ఉన్న పౌరుడు కాబట్టి చట్టం ఒప్పుకుంటుంది. అదే ఆయన కూకట్‌పల్లి బదులు ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్ వెళ్ళి కాపురం పెడితే ఓటు పోతుంది. ఎందుకంటే శాన్ హువాన్ విదేశం కాదు! అమెరికా జెండా కిందే ఉంది, అదే ఆ ఊరు చేసుకున్న పాపం.

భూమి మీద ఉండటం కూడా తప్పనిసరి కాదు. వ్యోమగాములు ఓటు వేసుకునేందుకు టెక్సాస్ 1997లో చట్టం చేసింది. ఆ ఏడాదే డేవిడ్ వుల్ఫ్ మీర్ అంతరిక్ష కేంద్రం నుంచి ఓటు పంపాడు. మీర్ రష్యావాళ్ళది! రష్యావాళ్ళ డబ్బాలో తేలుతూ ఓటు వెయ్యొచ్చు, ఫ్లారిడాకి రెండున్నర గంటల విమానం దూరంలో నేల మీద నిలబడి మాత్రం వెయ్యకూడదు. ప్యూర్టోరికో ప్రజలకు నా సలహా ఏమిటంటే, దీవిని కాస్త పైకి లేపించుకోండి.

అలాగని వాషింగ్టన్‌లో వాళ్ళకి ప్రతినిధి లేడని కాదు. ప్రతినిధుల సభలో రెసిడెంట్ కమిషనర్ అని ఒకరుంటారు. మిగతా సభ్యులు రెండేళ్ళకోసారి ఎన్నికల టెన్షన్ పడుతుంటే ఈయనకు నాలుగేళ్ళ పదవి. మాట్లాడొచ్చు, కమిటీల్లో ఓటు వెయ్యొచ్చు. బిల్లు మీద సభలో ఆఖరి ఓటింగ్ వచ్చినప్పుడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవాలి. దీనికి ఒక సవరణ కనిపెట్టారు, కనిపెట్టినవాడికి వీరతాడు వెయ్యాలి. సభ మొత్తం ఒకే కమిటీగా కూర్చుని సవరణలు చర్చించేటప్పుడు ఈయన కూడా ఓటు వెయ్యొచ్చని 1993లో నిబంధన పెట్టారు. తర్వాత తీసేశారు, 2007లో మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు, 2019లో మళ్ళీ పెట్టారు. అందులో ఒక షరతు ఉంది. ఈయనా, ఈయనలాంటి మిగతా ప్రతినిధులూ వేసిన ఓట్ల వల్లే ఫలితం తారుమారైతే, వెంటనే వాళ్ళని పక్కన పెట్టి మళ్ళీ ఓటింగ్ జరుపుతారు. అంటే ఓటు వెయ్యండి బాబూ, పని చెయ్యనంత వరకూ మాకేం అభ్యంతరం లేదు అని.

ఓటు సంగతి పక్కన పెడితే మిగతావన్నీ దండిగా ఉన్నాయి. 1511లో, అప్పట్లో దీవిని ఏలిన స్పెయిన్ రాజు ఇచ్చిన చిహ్నం ఉంది, దాని మీద పుస్తకంపై కూర్చున్న గొర్రెపిల్ల. జాతీయగీతం ఉంది. 1868లో స్పెయిన్ మీద తిరుగుబాటు కోసం రాసిన పదునైన చరణాలు పక్కన పెట్టి, కొలంబస్ ఒడ్డున దిగి ఆహా ఓహో అని మురిసిపోయిన చరణాలకి ప్రభుత్వ ముద్ర వేశారు. ఒలింపిక్స్‌లో సొంత జట్టు ఉంది. 2004లో ఏథెన్స్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టుని 92-73తో చితక్కొట్టింది. బంతాటలో దేశం, బడ్జెట్‌లో ఆస్తి.

జెండా కూడా ఉంది, 1895లో న్యూయార్క్‌లో విప్లవకారులు తయారుచేసింది. 1948లో దీవి శాసనసభ చేత ఒక నోరునొక్కే చట్టం చేయించారు. ఇంట్లో ఆ జెండా దొరికితే చాలు, దేశద్రోహానికి సాక్ష్యం. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1952లో, అదే జెండాని అధికారిక జెండాగా ఎగరేశారు. చట్టాన్ని మాత్రం 1957 దాకా ఉంచారు. ప్రభుత్వం ఎగరేసిన జెండాలో నీలం అమెరికా జెండాలోలాగా ముదిరిపోయింది. పాత లేతనీలం కావాలనేవాళ్ళు ఇంకా పోట్లాడుతూనే ఉన్నారు. పోట్లాడనివ్వండి, రంగు ఎంచుకునే స్వేచ్ఛ పూర్తిగా వాళ్ళదే.

డబ్బు ఎంచుకునే స్వేచ్ఛ కాదు. అప్పు 7,000 కోట్ల డాలర్లు దాటాక 2016లో అమెరికా కాంగ్రెస్ ఏడుగురు సభ్యుల బోర్డుని పంపింది. దీవి బడ్జెట్ మీద ఆఖరి మాట ఆ బోర్డుది. ప్రజలు ఎన్నుకున్న గవర్నర్‌కి కూడా అందులో కుర్చీ వేశారు. ఓటు లేదు. బోర్డు ఖర్చులు మాత్రం దీవి ఖజానాయే కట్టాలి.

మరుసటి ఏడు, 2017 సెప్టెంబరు 20న, మరియా తుఫాను వచ్చింది. కొన్ని ఊళ్ళకి నెలల తరబడి కరెంటు లేదు. డయాలసిస్ ఆగింది, ఆక్సిజన్ యంత్రాలు ఆగాయి, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పాడైంది. అధ్యక్షుడు ట్రంప్ వచ్చి గుమిగూడిన జనం మీదికి పేపర్ టవల్ చుట్టలు విసిరాడు, బంతులు విసిరినట్టు. చనిపోయినవాళ్ళు 64 మంది అని చెప్పింది దీవి ప్రభుత్వమే, నెలల పాటు ఆ అంకె పట్టుకుని వేలాడింది. 2018 ఆగస్టులో విశ్వవిద్యాలయ అధ్యయనం తేల్చిన లెక్క 2,975. ట్రంప్ దాన్నీ ఒప్పుకోలేదు, తన ప్రత్యర్థులు పుట్టించిన అంకె అన్నాడు. అనడా మరి? ఎవరికి భయపడాలి? శవాల లెక్క అబద్ధమన్నా ఒక్క ఓటు పోదు, పోవడానికి అక్కడ ఓటే లేదు. ఫ్లారిడాలో ఇలా జరిగుంటే టవల్ విసిరే చెయ్యి గాల్లోకి లేచేదా? ఇది చేతగానితనం కాదు, లెక్క తెలిసిన నిర్లక్ష్యం. వాళ్ళ ప్రాణాలకి వాషింగ్టన్‌లో ధర లేదు, ఆ ధర కట్టేది ఓటు కాబట్టి.

మీకేం కావాలో మీరే చెప్పండి అని అడగలేదా అంటే, ఎందుకు అడగలేదు? 1967లో అడిగారు, 1993లో అడిగారు. 1998లో అయిదు గళ్ళు పెట్టి అడిగారు. రాష్ట్రహోదా, స్వాతంత్ర్యం, ఇంకా రెండు రకాల ఏర్పాట్లు, చివర్లో ‘పైవేవీ కావు’. సగానికి పైగా జనం చివరి గడిలో వేశారు. మన నోటా పుట్టడానికి పదిహేనేళ్ళ ముందే అక్కడ నోటా గెలిచింది. ఆ తర్వాత 2012లో, 2017లో, 2020లో, 2024లో మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆ గడి మాత్రం మళ్ళీ పెట్టలేదు.