ఆ దీవి జనాన్ని అడగకుండా చేసిన పని కాదది

"ఆస్ట్రేలియాలో ఒక దీవిని బాగుచేస్తామంటూ, జనం వద్దని మొత్తుకున్నా వినకుండా హెలికాప్టర్లతో విషం చల్లారు, ఎలుకలతో పాటు పక్షులనూ తుడిచిపెట్టారు." ఈ సందేశాన్ని మిత్రులు మళ్లీ మళ్లీ పంపుతున్నారు. అది లార్డ్ హోవ్ దీవి గురించి. చదువుకున్నవారే పంపుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

"ఎలుకలూ ప్రకృతిలో భాగమే కదా" అని మొదటి మాట. అవి 1918లో మకాంబో అనే ఓడలోంచి ఆ దీవిలోకి దిగాయి. ఆ తర్వాత అక్కడ తప్ప ఎక్కడా లేని ఐదు రకాల పక్షులు అంతరించాయి. జాలి ఉంటే వాటి మీద చూపండి.

ఒళ్లు మండించేది "జనం వద్దన్నా" అన్న మాట. ఎలుకలతో పోరు మొదలుపెట్టిందే ఆ జనం! కెంటియా అనే తాటిజాతి చెట్ల గింజలు విదేశాలకు అమ్ముకుని బతికిన కుటుంబాలవి. గింజ చేతికందేలోపే ఎలుక కొరికేస్తే వాళ్లకు మిగిలేదేముంది? ఎలుక తోక తెచ్చినవారికి డబ్బిచ్చి చూశారు. బయటినుంచి గుడ్లగూబలను తెచ్చి వదిలితే అవి పక్షులనూ తిన్నాయి. విషపు ఎర కూడా దశాబ్దాలుగా పెడుతూనే వచ్చారు. దీవి మొత్తం మీద ఒకేసారి ఎర వేయడం గురించి 2015లో అభిప్రాయం అడిగితే 52 శాతం మంది సరేనన్నారు. వీళ్లు జనం కారా?

అయితే వద్దన్నవారిని మూర్ఖులని తీసిపారేసే పర్యావరణ ప్రేమికులతోనూ నాకు పేచీ ఉంది. దాదాపు 350 మంది ఉండే ఊళ్లో, పిల్లలు తిరిగే పెరట్లో బ్రోడిఫాకమ్ అనే ఎలుకల విషం పెడతామంటే ఏ తల్లి భయపడదు? పర్యాటకుల మీద బతికేవారు రేపెలా అని అడగరా? అడగాల్సిందే. ఏళ్ల తరబడి వాదించుకున్నాకే 2019లో పని జరిగింది. హెలికాప్టర్లు తిరిగింది జనావాసాలకు దూరంగా. ఇళ్ల దగ్గర మూత ఉన్న పెట్టెల్లో ఎర పెట్టారు.

ఇక పక్షులు. కొన్ని ఆ విషానికి చనిపోయిన మాట నిజం. ఆ ముప్పు తెలిసే, వుడ్‌హెన్ అనే ఎగరలేని పక్షులను చాలావరకు ముందే పట్టి ఆవరణల్లో సాకి, ప్రమాదం దాటాక వదిలారు. అప్పటికి 200 పైచిలుకు ఉన్నవి తర్వాతి లెక్కల్లో 1,000 దాటాయి. 2021లో రెండు ఎలుకలు దొరికితే మళ్లీ ఎర పెట్టి, వాసన పట్టే కుక్కలతో దీవంతా గాలించారు. ఇంత కథలో ఆ సందేశానికి దొరికింది హెలికాప్టర్ ఒక్కటేనా?